కొండ పోయిన పేరు

కార్తీకపు తెల్లవారుజామున మునగాల చెరువు కట్ట మీద నడుస్తుంటే, మంచు దుప్పటి ఇంకా నీళ్ళ మీద నుంచి లేవకముందే, సర్కారు తుమ్మల కింద అల్లుకున్న పరికి కంపలోంచి ఒక పాట పగులుతుంది. పగులుతుందనే అనాలి. కొత్త కుండ మెడలోంచి నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించినట్టు, గలగలమని, బుడబుడమని, ఒకదాని మీద ఒకటి పడి దొర్లే స్వరాల రాశి. రెండు క్షణాలు, అంతే. మళ్ళీ మౌనం. పాడినదెవరో కనపడదు. కొమ్మ కదలదు, ఆకు ఊగదు. కంపకే గొంతు వచ్చి, వెంటనే సిగ్గుపడి నోరు మూసుకున్నట్టుంటుంది.

మా నాయనమ్మ దాన్ని చూపించడానికి ఎన్నడూ వేలెత్తలేదు. "అది కనపడదు బిడ్డా, వినపడుతది. పొదనే దానికి కొంగు" అనేది. కొంగు చాటు నుంచి పాడే ఆడబిడ్డలా ఆ పిట్ట నా బాల్యమంతా పాడింది. దాని ముఖం చూడటానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

పొద పిగిలి. పాత పక్షి గ్రంథాల్లో దానికి రాసిపెట్టిన తెలుగు పేరు అది. అదే గ్రంథాల్లో దాని తోబుట్టువుకు ఇంకో పేరుంది: కొండ పొద పిగిలి. రెండు పేర్లకూ నడుమ ఒక్క మాట తేడా. రెండక్షరాల మాట. ఆ మాట కోసమే నేను ఇవాళ కన్నీళ్ళతో కూర్చున్నాను.

పిగిలిపిట్ట తెలియని తెలుగు పెరడు లేదు. నల్లని తల, తల మీద చిన్న సిగ, తోక మొదలు కింద కుంకుమ అద్దినట్టు ఎర్రని మచ్చ. మల్లె పందిరి మీద, జామ కొమ్మ మీద, కరెంటు తీగ మీద, ఎక్కడైనా అదే. కొందరు పికిలి అంటారు. ఆ కుటుంబం పెద్దది. ఆఫ్రికా అడవుల నుంచి ఆసియా ద్వీపాల దాకా సుమారు 150 జాతులు. బుల్‌బుల్ అని లోకం పిలిచే పేరు నిజానికి పారశీక కవుల తోటలో గులాబీ కోసం పాడే వేరొక పిట్టది. మన పిట్టకు అది ఎరువు తెచ్చుకున్న నగ. పిగిలి అన్నదే మన మట్టి పెట్టిన పేరు. పెరటిది పిగిలి, పొదది పొద పిగిలి, కొండ మీది పొదలది కొండ పొద పిగిలి. ఎంత ఓపికగా, ఎంత ప్రేమగా కట్టిన పేర్లు! ఒక్కొక్క మాట ఎక్కుతూ పోతే ఇంటి నుంచి ఊరి చివరికి, ఊరి చివరి నుంచి శిఖరానికి నడిచినట్టే.

రెండూ జానెడు పిట్టలే. కొలిస్తే 20 సెంటీమీటర్లు. పొద పిగిలిది ఎండు తంగేడాకు రంగు. మాసిన ఆకుపచ్చ, దుమ్ము కలిసిన గోధుమ వన్నె. తోక కింద కాస్త లేత పసుపు. ముఖం మీద మాత్రం కంటి పైన ఒకటి, కంటి కింద ఒకటి, విబూది రేఖల్లాంటి తెల్లని గీతలు. అందుకే ఇంగ్లీషువాళ్ళు తెల్ల కనుబొమ్మల బుల్‌బుల్ అన్నారు. అది పొదలో కూర్చుంటే పొదే. ఎండలో కూర్చుంటే ఎండుటాకే. ప్రకృతి దానికి నగలివ్వలేదు, దాక్కునే విద్య ఇచ్చింది.

కొండ పిగిలి సంగతి వేరు. వీపు బూడిద, రొమ్ము బూడిద, ఒళ్ళంతా బండ రంగు. ఆ బండ మీద, సరిగ్గా గొంతు దగ్గర, అప్పుడే దంచిన పసుపుకొమ్ము పొడి రాసినట్టు ఒక పసుపు. నుదురూ తలా ఆకుపచ్చ కలిసిన పసుపు. గొంతుది మాత్రం ఏ కల్తీ లేని పసుపు. ఎగిరినప్పుడు తోక చివర లేత వెలుగు తునకలు. మా వైపు ఊళ్ళలో రాయికి పసుపు పూస్తే ముత్యాలమ్మ అవుతుంది. వేపచెట్టు కింద నిన్నటిదాకా ఉత్త రాయి, ఇవాళ పసుపు తగిలితే తల్లి. కొండ పిగిలిని మొదటిసారి చూసినప్పుడు నాకు తోచింది అదే. ఎవరో కొండ మెడకు పసుపు పూశారు. అది రెక్కలు కట్టుకుని లేచింది.

పాటలో మాత్రం రక్తసంబంధం దాగదు. ఆ బుడబుడే, ఆ తొందరే, మాట పూర్తికాకముందే మరో మాట తోసుకొచ్చే ఆ ఆత్రమే. కళ్ళు మూసుకుని వింటే అక్క ఏదో చెల్లి ఏదో పోల్చుకోవడం అనుభవమున్న చెవులకూ తేలిక కాదు. కానీ ఒక తేడా నేను విన్నాను. పొద పిగిలి పాట కంపలో పుట్టి కంపలోనే ఆరిపోతుంది. ముళ్ళూ ఆకులూ దాన్ని తాగేస్తాయి. కొండ పిగిలి పాట బండకు తగులుతుంది. ఎదుటి చరియ దాన్ని అందుకుని, కాస్త ఆలస్యంగా, కాస్త బరువుగా తిరిగి ఇస్తుంది. పిట్ట పాడుతుంది, కొండ ఆలపిస్తుంది. ఒకటి ఏకాంత గానం, ఒకటి జంట గానం. ఆ జంటలో రెండో గొంతును తవ్వి తీసుకుపోతే మొదటి గొంతు ఎవరితో పాడాలి?

లోకానికి ఈ రెండు పిట్టల పరిచయం నాలుగేళ్ళ తేడాలో జరిగింది. పొద పిగిలిని 1841లో లెస్సన్ అనే ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు వర్ణించి, లేత పసుపు వన్నెది అనే అర్థంలో లుటియోలస్ అని లాటిన్ పేరు పెట్టాడు. కొండ పిగిలిని 1845లో టి.సి. జెర్డన్ వర్ణించాడు. ఆయన మద్రాసు సర్కారు కొలువులో వైద్యుడు, నెల్లూరులో సివిల్ సర్జన్. నెల్లూరుకు పడమటగా గోడ కట్టిన తూర్పు కనుమల్లోంచి ఆ పిట్ట ఆయన చేతికి చిక్కింది. పసుపు గొంతుది అని గ్రీకులో పేరు పెట్టాడు: జాంతోలేమస్. రెండు శాస్త్రనామాల్లోనూ పసుపే ఉంది. ఒక తల్లి ఇద్దరు బిడ్డలకూ ఒకే గిన్నెలోని పసుపు పూసి, చిన్నదానికి కాస్త ఎక్కువ రాసిందనిపిస్తుంది.

ఆ వైద్యుడు ఎక్కడికి పోయినా పిట్టల స్థానిక నామాలు అడిగి రాసుకున్నాడు. ఆ మాటలు చెప్పిన మనుషుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు. కొండల్లో తేనె తీసే చేతులు, కట్టెలు మోసే తలలు, వలలు పన్నే కళ్ళు. రెండు పిట్టలకు రెండు పేర్లు అవసరమని తెలిసిన మనుషులు. అందరికీ పిట్ట పిట్టే అయిన చోట, ఇది పొదది, అది కొండ పొదది అని విడదీసి చెప్పగలిగిన మనుషులు. వాళ్ళ ముందు నా చదువు తలవంచుతుంది.

ఇక ఆ ఒక్క మాట దగ్గరికి వస్తాను. కొండ.

పొద పిగిలి ఎక్కడైనా బతుకుతుంది. దక్షిణాపథం పొడవునా, సింహళంలోనూ, చిట్టడవిలో, చెరువు గట్టున, పాడుబడ్డ బావి చుట్టూ, ముళ్ళ కంచెలో. దానికి కావలసిందల్లా గుబురుగా ఒక పొద. కొండ పిగిలికి పొద చాలదు. దానికి కొండ కావాలి. ఏ కొండంటే ఆ కొండ కాదు. నిట్రమైన చరియ, ఏనుగుల మందలా పడి ఉన్న బండలు, బండల సందుల్లో జువ్వి వేళ్ళు, బలుసు పొదలు, పండ్ల కాలంలో పక్షికి కడుపు నింపే చిట్టి చెట్లు. దక్షిణ భారతం దాటి ప్రపంచంలో మరెక్కడా అది లేదు. నల్లమల, శేషాచలం, హార్స్లీ కొండలు, కర్ణాటకలో నంది కొండలు, తమిళ సీమలో ఏలగిరి, సేర్వరాయలు. పటంలో చూస్తే సముద్రంలో విసిరేసిన లంకల్లా ఉంటాయి ఆ తావులు. నడుమ అంతా మైదానం. వరి, పత్తి, రోడ్డు, ఊరు. దానికి అవన్నీ ఈదలేని నీళ్ళు.

లంక బతుకంటే ఏమిటో మునగాలవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మా పరగణా నైజాం రాజ్యం నడుమ కృష్ణా జిల్లా ముక్క. చుట్టూ ఒక ప్రభుత్వం, లోపల మరొకటి. చుట్టూ ఒక నాణెం, లోపల వేరొకటి. పొలిమేర దాటితే సరిహద్దు. పెళ్ళికి పోవాలన్నా, ఎద్దును అమ్మాలన్నా పరాయి రాజ్యంలో అడుగు పెట్టాల్సిన ఊళ్ళు. 1959లో ఆ పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపారు, 2016లో సూర్యాపేట జిల్లా అయింది. కాగితం మీద గీత మారింది, లంక కరిగి నేలలో కలిసింది. మనుషుల లంకకు ఒక ఉత్తర్వు చాలింది. పిట్ట లంకను ఏ ఉత్తర్వు కలుపుతుంది? చుట్టూ ఉన్నవాటిలో కలిసిపోవడమంటే దానికి లేకుండా పోవడమే.

మునగాలలో నేను కొండ పిగిలిని ఎప్పుడూ వినలేదు. సూర్యాపేట నుంచి వచ్చే దారిలో, రహదారికి దగ్గరగా, ఉండ్రుగొండ గుట్టల్లో నరసింహస్వామి గుడి వెనక, పాత కోటగోడ రాళ్ళ మధ్య ఎన్నో ఉదయాలు కూర్చున్నాను. పొద పిగిలి పాడింది, తోబుట్టువు పాడలేదు. దానికోసం హార్స్లీ కొండల దాకా పోయాను. మదనపల్లె నుంచి మెలికలు తిరిగే ఘాట్ రోడ్డు మీద, ఏనుగు మల్లమ్మ పేరుతో అక్కడివాళ్ళు కొలుచుకునే ఆ కొండ మీదికి. ఆ ఎత్తు నాలుగు వేల అడుగులకు పైమాటే. యూకలిప్టస్ వాసన గాలిలో ఉంది. తెల్లవారకముందే కొండ అంచుకు దిగి, మంచుకు తడిసిన బండ మీద కూర్చున్నాను.

వెలుగు మెల్లగా వచ్చింది. ముందు బండలు నల్లగా, తర్వాత ఊదాగా, తర్వాత బూడిదగా. ఒక్కొక్క బండ తన వయసు గుర్తు తెచ్చుకుంటున్నట్టు. ఆ నేల రాయికి 250 కోట్ల ఏళ్ళ వయసుందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. భూమ్మీద ఆకు పుట్టకముందు, రెక్క పుట్టకముందు, పాట అనేదే లేని కాలంలో గడ్డకట్టిన నిప్పు అది. అంత కాలం మౌనంగా ఉండి ఉండి, చివరికి తన మాట చెప్పుకోవడానికి ఒక జానెడు గొంతును ఎంచుకుంది కాబోలు.

మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. దేనికోసం కూర్చున్నావని అడిగాడు. చెప్పాను. నా పక్కనే చతికిలబడ్డాడు. "అది కిందికి దిగదు సామీ. బండలుండే తావులోనే ఉంటాది. మనం కదలకుంటే అదే వస్తాది" అన్నాడు. కదలకుండా కూర్చున్నాం. మేకలు మాత్రం కదిలాయి.

వచ్చింది. ముందు పాట వచ్చింది. నా వెన్ను జలదరించింది. అది మా కట్ట మీది పాటే. మా నాయనమ్మ కొంగు చాటు పాటే. ఐదువందల కిలోమీటర్ల అవతల, పరాయి కొండ మీద, ఇంటి గొంతు విన్నట్టయింది. ఆ వెంటనే ఎదుటి చరియ దాన్ని తిరిగి పలికింది. అప్పుడు తెలిసింది ఇది అది కాదని. బండ మీదికి దూకి, క్షణం నిలిచి, తల తిప్పింది. తొలి ఎండ సరిగ్గా గొంతు మీద పడింది. పసుపు. ముత్తైదువ మెడలో తాళికొమ్మంత పసుపు. చూశాను అనుకునేలోపే జారిపోయింది. తోక చివరి వెలుగు తునకలు మాత్రం కంటిలో మిగిలాయి. పెద్దాయన లేచి, పంచె దులుపుకుని, "పోయినా వస్తాదిలే. కొండ యాడికి పోతాది" అన్నాడు.

కొండ యాడికి పోతాది. ఆ మాట నా గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే కొండ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

మా మండలంలోనే ఒక గుట్ట ఉండేది. పేరు చెప్పను. మా వైపు కొండను గుట్ట అనే అంటాం. చిన్నప్పుడు దాని మీద సీతాఫలాలు కోశాం, తునికి పండ్లు ఏరాం, వర్షాకాలం బండ గుంటల్లో నిలిచిన నీళ్ళలో మబ్బుల్ని చూశాం. మొదట ఒక బోర్డు వచ్చింది. తర్వాత రాయి తొలిచే మిషన్ వచ్చింది. మధ్యాహ్నం పూట ఈల వేసేవాళ్ళు. ఈల వింటే పిల్లల్ని లోపలికి పిలవాలి. ఆ వెంటనే నేల అదిరేది, గోడకు వేలాడే దేవుడి పటం ఒక పక్కకు ఒరిగేది. బడి నుంచి వచ్చిన పిల్లలు రోజూ ఆ పటాన్ని సరిచేయడం నేర్చుకున్నారు. కంకర మిల్లు నోటిలోంచి తెల్లటి పొగలా పిండి లేచి, కందిచేల మీద, మామిడి పూత మీద, ఆరేసిన బట్టల మీద కూర్చునేది. టిప్పర్లు రాత్రింబవళ్ళు తిరిగేవి. గుట్ట తగ్గుతూ వచ్చింది. ముందు భుజం పోయింది, తర్వాత నడుము. ఒక ఏడు ఊరికి పోతే ఆకాశం అటువైపు ఎక్కువగా కనిపించింది. అంతకన్నా భయంకరమైన దృశ్యం నేను చూడలేదు. ఆకాశం ఎక్కువ కావడం.

ఎక్కడికి పోయింది ఆ గుట్ట? రోడ్డయింది, స్లాబయింది. నేను ఇప్పుడు రాస్తున్న ఈ గది నేల కింద కూడా ఏదో ఒక గుట్ట పొడిగా పడుకుని ఉంటుంది. నేనూ అందులో భాగస్తుణ్ణే. ఆ నేరం నా పాదాల కిందే ఉంది. 250 కోట్ల ఏళ్ళు నిలబడ్డ రాయి నేను పుట్టిన తర్వాత, నా కళ్ళ ముందు, నా తరం చేతుల్లో పడిపోయింది. ఇంత వయసు గల దేనికీ ఇంత తొందర చావు రాకూడదు.

ఒక సంగతి గమనించాను. దేవుడు ఎక్కిన గుట్టలు మిగిలాయి. రాజు ఎక్కిన గుట్టలు మిగిలాయి. ఉండ్రుగొండకు నరసింహుడున్నాడు, కోట ఉంది. ఫణిగిరికి బౌద్ధ భిక్షువుల ఇటుకలూ శిల్పాలూ ఉన్నాయి. పురావస్తు శాఖ కంచె ఉంది. పిట్ట ఒక్కటే ఎక్కిన గుట్టకు ఎవరున్నారు? ఒక్క ఇటుక పెట్టని, ఒక్క శాసనం చెక్కని, పాడి ఊరుకున్న ప్రాణి పక్షాన సాక్ష్యం చెప్పేదెవరు? దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఊరంతా పొలాల్లోకి పోతాం. అది మన రాష్ట్ర పక్షి కూడా. చూసి దండం పెట్టుకున్న కళ్ళే ఆ పక్కన కరిగిపోతున్న గుట్టను చూడకుండా తిరిగి వస్తాయి.

ప్రపంచ పరిరక్షణ సంస్థల జాబితాలో పొద పిగిలి నిశ్చింతగా ఉన్న పక్షి. కొండ పిగిలి ముప్పులో పడ్డ పక్షి. ఎదిగిన పిట్టలు అన్నీ కలిపి పది వేలకు లోపేనని అంచనా. మిర్యాలగూడ సంతకు ఒక్క రోజు వచ్చే జనమంత కూడా ఉండవేమో. దాని గూడును చూసి రాసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. రాయి తవ్వకం, ఎండాకాలం చరియలకు పెట్టే మంటలు, కట్టెల నరుకుడు. కారణాలు ఇవే. ఏ ఒక్కటీ రహస్యం కాదు, ఏ ఒక్కటీ విధి రాసింది కాదు.

పొద పిగిలి నిశ్చింత మీదా నాకు నమ్మకం లేదు. మా నేలలో పొద ఎలా పోయిందో నేను చూశాను. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా, హుజూర్‌నగర్, కోదాడ చేలను తడుపుతూ మా వైపు వచ్చింది. ఆ నీటిని నిందించే నోరు నాకు లేదు. జొన్న గటక తాగిన ఇళ్ళలో వరి అన్నం ఉడికింది, ఆ అన్నంతోనే నేను పెరిగాను. కానీ ఆ నీటితో పాటు ప్రతి గజం నేలకూ ధర వచ్చింది. రెండు చేల మధ్య బారెడు వెడల్పున అల్లుకునే ముళ్ళ కంచె వృథా నేల అయింది. పరికి, బలుసు, కోరింద, ఊడుగ, నల్లేరు తీగ, సరసరమంటూ పాకే పాము, మిడత, సాలెగూడు, అన్నిటినీ కలిపి ఒక్క రోజులో జేసీబీ పెకలించింది. ఆ చోట నాలుగు రాతి కడీలు, మూడు వరసల ముళ్ళ తీగ నిలిచాయి. ముళ్ళ తీగకు ముళ్ళున్నాయి. పండ్లు లేవు. దాని చాటున ఏ గొంతూ దాక్కోలేదు.

అలా పేరు లోంచి మాటలు రాలుతున్నాయి. కొండ రాలితే పొద పిగిలి. పొద రాలితే పిగిలి. శిఖరం నుంచి పెరటికి, ఒక్కొక్క మెట్టే దిగుతూ వస్తున్నాం. ఎక్కడానికి మా పెద్దలు కట్టిన మెట్లవి.

ఇక్కడే ఇంకో పిట్టను తలుచుకోకుండా ఉండలేను. పాట పిట్ట కాదు అది, రాత్రి పూట నేల మీద పరుగెత్తే పిట్ట. కలివి కోడి. దాన్నీ 1848లో మొదట కనిపెట్టింది ఆ నెల్లూరు వైద్యుడు జెర్డనే. 1900 తర్వాత కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పొదల్లో ఒక స్థానికుడు పట్టి తెచ్చి చూపించాడు. శాస్త్రజ్ఞులకు ఎనభై అయిదేళ్ళు చిక్కనిదాన్ని, ఆ పొదలు తెలిసిన మనిషి చేతులు తెచ్చాయి. ఆ తర్వాత అదే నేలలో తెలుగుగంగ కాలువ పనులకు ఆ పొదలు కొన్ని పెకలించారు. కలివి చెట్టు పేరుతో బతికిన పక్షికి కలివి చెట్లే లేకుండా చేయబోయాం. పేరులో ఉన్నది నేల మీద లేకపోతే పేరు సమాధి రాయి అవుతుంది.

మునగాల సంస్థానానికి దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు నాకు ఈ మధ్య పదే పదే జ్ఞాపకం వస్తున్నారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి అండతో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి నెలకొల్పారు. చరిత్రా శాస్త్రాలూ తెలుగులో రావాలని, తెలుగువాడు తన మాటల్లో లోకాన్ని చదవాలని తపించిన మనిషి. ఒంటి చేతి మీద ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టారు. ఆయన చేతుల మీదుగా మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ 'అ' అక్షరంలోనే సాగాయి. 1923 జూలై 12న ఆయన కన్నుమూశారు. మునగాల రాజుల నడిగూడెం కోట గోడల నీడలో నిలబడి ఎన్నోసార్లు ఊహించాను. ఆ కలం 'ప' దాకా వచ్చి ఉంటే! పిగిలి అనే మాట కింద ఏం రాసేవారు? పొద పిగిలి, కొండ పొద పిగిలి అని రెండు చిన్న పేరాలు. వాటి రంగు, వాటి తావు, వాటి పాట. అది బడి పుస్తకంలోకి వచ్చి ఉండేది. బడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి గ్రామసభకు వచ్చి ఉండేది. గుట్టను లీజుకిచ్చే కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగి ఉండేది. ఒక పేరు తెలియడం ఒక చేతిని ఆపగలదని నేను నిజంగా నమ్ముతాను.

ఓ కొండ పొద పిగిలీ! నీ తోబుట్టువు మా కట్ట మీద ఇంకా పాడుతూనే ఉంది. ఆ పాట విన్నప్పుడల్లా నీ పాటలోని రెండో గొంతు, రాతి గొంతు, నాకు వినపడకుండా పోవడమే వినపడుతుంది. నీకు రాయివ్వలేకపోయాం. నీ మెడలోని పసుపు ఆరకముందే నీ పుట్టింటిని పిండి చేసి ఇళ్ళు కట్టుకున్నాం. నల్లమల చరియల మీద, శేషాచలం లోయల మీద, ఏనుగు మల్లమ్మ బండల మీద ఇంకా మిగిలి ఉన్నావు. ఉండు తల్లీ. మేము బుద్ధి తెచ్చుకునేదాకా ఉండు.

మొన్న సంక్రాంతికి ఆ గుట్ట ఉన్న చోటికి పోయాను. గుట్ట ఎంత ఎత్తుండేదో ఇప్పుడు అంత లోతు. అడుగున పచ్చటి నీళ్ళు నిలిచి ఉన్నాయి. అంచు బండ మీద వాలి ఒక పిగిలి నీళ్ళు తాగింది. మామూలు పిగిలి, నల్ల తలది. పాడలేదు. తాగి పోయింది.

మీ ఊళ్ళో ఇంకా తవ్వని గుట్ట ఉంటే, దాని మీద బండల మధ్య పొదలుంటే, ఒక తెల్లవారుజామున ఎక్కి కదలకుండా కూర్చోండి. పాట వినపడితే, ఆ పాటను రాయి తిరిగి పలికితే, ఊరి బోర్డు మీద ఆ పిట్ట పేరు పూర్తిగా రాయించండి. మూడు మాటలుగా చదివినా, రెండు మాటలుగా చదివినా సరే, కొండ అన్న మాట మాత్రం వదిలిపెట్టకండి.